పదికి నాలుగు

ఇనుప గనిలో డంపరు తోలే గ్లెనిస్ ట్రెగర్‌కి సిబ్బంది సంక్షేమం అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఆస్ట్రేలియాలోని పిల్బరా ఎండతో, ఎర్రదుమ్ముతో, రెండు వారాలు క్యాంపులో వారం ఇంట్లో గడిచే బతుకుతో సర్దుకుపోయిన మనిషి. ఇద్దరు మొగుళ్ళతో సర్దుకోలేకపోయింది గానీ అది వేరే సంగతి. మనసు బాగోగులంటూ కంపెనీ నడిపే తతంగం మాత్రం ఆమెకు ఏనాడూ గిట్టలేదు.

తతంగం ఇదీ. పొద్దున్నే డ్యూటీ ఎక్కేముందు అందరూ వరసగా నిలబడాలి. సూపర్‌వైజర్ జారెడ్ పళ్ళికిలిస్తూ, ఈరోజు మనసెలా ఉంది, పదికి ఎంత అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. అందరూ ఎనిమిదంటారు. పెళ్ళాం పోయినవాడూ ఎనిమిదే, బిడ్డకు జబ్బు చేసినవాడూ ఎనిమిదే. అయిదుకి తగ్గితే డంపరు ఎక్కనివ్వరు, విమానం ఎక్కించి ఇంటికి తోలేస్తారు. గోడమీది పోస్టర్‌లో, నవ్వే బొమ్మ కింద, ఆ ముక్క చిన్న అక్షరాల్లో ఉంది.

రోరీ కొత్తగా చేరాడు. అంతకుముందు ఊరూరా తిరిగి గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. భార్య వదిలేసి వెళ్ళాక పెర్త్‌లో ఇల్లు బోసిపోయింది. పనిలో వంక పెట్టడానికి లేదు. రాత్రి భోజనాల దగ్గర గ్లెనిస్ బల్లకే వచ్చి, మాంసం కూరిన పై రొట్టె మీద టమాటా సాసు గుమ్మరించుకుంటూ నాలుగు మాటలు చెప్పుకుంటే గానీ అతనికి ఊపిరాడేది కాదు. ఎనిమిదనాలని మాత్రం అతనికెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందేగా అనుకుంది గ్లెనిస్.

ఆ మంగళవారం రోరీ నిజం చెప్పేశాడు.

"నాలుగు."

ధైర్యంగా చెప్పాడని జారెడ్ అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. కొట్టించి, సంచి సర్దుకోమన్నాడు. అక్కడ ఇంట్లో ఎవరూ లేరు, నాకున్నది వీళ్ళేనని రోరీ బతిమాలుకున్నాడు. విశ్రాంతి నీ హక్కంటూ, చేతిలో ఓ ఫోన్ నంబరూ ఓ చాక్లెట్టూ పెట్టి పంపేశారు. సిగ్గులేని జనం.

సాయంత్రం గ్లెనిస్ రోరీకి ఫోన్ చేసింది. ఇక్కడ గోడలు మీదకొస్తున్నాయన్నాడతను. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బీరు గ్లాసు పట్టుకుని క్యాంపు బారంతా బల్లబల్లకీ తిరిగింది.

మర్నాడు జారెడ్ అడగగానే గ్లెనిస్ మూడంది. పక్కవాడు మూడన్నాడు. వరస చివరిదాకా అందరిదీ మూడే. బయట డంపర్లన్నీ ఎక్కే దిక్కులేక నిలబడ్డాయి.

"నాటకాలాడుతున్నారా?" అన్నాడు జారెడ్.

"నిన్న రోరీ చెబితే నమ్మావు కదా బాబూ. ఇవాళ మమ్మల్నీ నమ్ము. ఇళ్ళకి పంపించు."

పై మేనేజరు జీపులో దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. మనుషుల మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు, గనిలో ఖనిజం కదలడం లేదని. మధ్యాహ్నానికల్లా రోరీకి తిరుగు టిక్కెట్టు వెళ్ళింది. ఆ ప్రశ్న అడగడం ఇక మానేశారు. దాంతోపాటు మనుషుల్ని పలకరించడం కూడా మానేశారు.

రోరీ వచ్చిన రోజు ఎప్పటిలాగే గ్లెనిస్ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె సాసు సీసా అతని వైపు జరిపింది.

"ఎంతరా?"

అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "నాలుగే."

"నాదీ అంతే," అంది గ్లెనిస్. "ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ. తిను, చల్లారిపోతోంది."