మెత్తబడిన అప్పడం

కోనసీమ మర్యాదతో పోట్లాడటం మహా కష్టం. ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. చేతులు పట్టుకుని, "మీకెందుకండీ శ్రమ, భోజనం ఇంటికే పంపించేస్తామండీ" అనేవాళ్లను ఏం చేస్తాం?

పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడింది. నా స్నేహితురాలికి చూపు లేదు. మా వీధి చివర బట్టలు కుట్టే ఆమెకు వినపడదు. డెబ్బైల చివర్లో, ఊళ్లో ఎవరింట పెళ్లయినా మా మూడిళ్లకూ పిలుపుకు బదులు క్యారేజీ వచ్చేది. పై గిన్నెలో అప్పడం. సాంబారు ఆవిరికి అది తడిగుడ్డలా వేలాడేది.

"కరకరలాడే అప్పడం తిని ఎన్నాళ్లయిందే!" అంది స్నేహితురాలు ఓసారి. మా వికలాంగుల సంఘం ఆ మాటతోనే పుట్టింది. బస్సు మెట్ల గురించీ, ఆఫీసు మెట్ల గురించీ తర్వాత అడిగాం. ముందు అడిగింది అప్పడమే. నవ్వితే నవ్వండి. నలుగురి మధ్య కూర్చుని తినే చోటు కోసమే ఆ గొడవంతా.

ఆ తర్వాతి పెళ్లి ఓ కొబ్బరితోటల ఆసామి ఇంట్లో. క్యారేజీ రాగానే దాన్ని ఒళ్లో పెట్టుకుని, రిక్షా ఎక్కి, ముగ్గురం పందిట్లో దిగాం. బంతిలో ఖాళీ చూసుకుని కూర్చున్నాం. నేను కాలు చాపేసరికి పక్కావిడ తన విస్తరి కాస్త అవతలికి జరుపుకుంది. ఇంటావిడ పరుగున వచ్చారు.

"అయ్యయ్యో, క్యారేజీ అందలేదాండీ?"

"ఆయ్, అందిందండీ. గిన్నెల కోసం మళ్లీ మనిషిని పంపడం మీకెందుకు శ్రమని మేమే తెచ్చేసేమండీ. ఇక్కడే తినేస్తాం," అంది నా స్నేహితురాలు.

వడ్డన ఆగిపోయింది. ఇప్పుడు లేపేస్తే మళ్లీ ఏ పందిట్లోనూ అడుగు పెట్టే ధైర్యం మాకుండదు.

అంతలో లోపలి గదిలోంచి గోడ పట్టుకుంటూ ఇంటావిడ అత్తగారు వచ్చారు. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆ పెద్దావిడకు భోజనం మంచం దగ్గరే.

"కోడలా, నాకూ ఇక్కడే పెట్టమ్మా. వేడివేడి అప్పడాలు తెప్పించు."

నా పక్కనే ఆవిడకు కుర్చీ వేసి, ఆవిడ ఒళ్లో కంచం పెట్టారు. పెద్దావిడకు పళ్లు లేవు. అప్పడాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఫెళ్లున విరిచారు. ఆ చప్పుడు విని నా స్నేహితురాలు పకపకా నవ్వింది. కుట్టే ఆమె పెద్దావిడను చూసి తన అప్పడాన్నీ విరిచింది.

"నాకు సొంతింట్లోనే క్యారేజీ పెట్టేరు తల్లీ," అన్నారు పెద్దావిడ, బంతంతా వినేలా.

నేను ఏడుస్తూనే అప్పడం నమిలాను.