మా మామ, మూడో వాల్వు

నిన్న మిద్దె మీద వడియాలు పెడుతుంటే ఉన్నట్టుండి ఉరిమింది. వానొస్తుందని కొంగు బిగించి, తడి వడియాల గుడ్డను నాలుగు మూలలా పట్టుకుని లోపలికి పరుగెత్తాను. అన్నీ ఒక ముద్దయ్యాక గాని తెలియలేదు, అది ఉరుము కాదు, మా అమ్మాయి గదిలో గిటారని. కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆ ఉరుమును దాని గిటారు మోగే పెట్టెలో పెట్టింది మా మేనమామ మరి.

మామ పాకాల స్టేషను దగ్గర వాల్వు రేడియోలు బాగుచేసేవాడు. వాల్వంటే బల్బులాంటి గాజుబుడ్డి; లోపల ఎర్రగా వెలిగి, వేడెక్కాక గాని పాట రాదు. ఆయనకు లోకంలో ఒకే శత్రువు, గరగర. ఎవరింట్లో రేడియో గరగరమన్నా తినే అన్నం వదిలి లేచేవాడు. నా పెళ్లిలో తాళి కట్టే వేళకు మైకుసెట్టు వెనక దూరి ఉన్నాడు. పెళ్లి ఫొటోల్లో మామవి కాళ్లే పడ్డాయి.

మూడేళ్ల కిందట మా అమ్మాయి బెంగళూరు నుంచి గిటారు శబ్దాన్ని పెంచే ఒక పాత ఆంప్లిఫయర్ పెట్టె తెచ్చుకుంది. లోపల రెండే వాల్వులు. మూడోది చేర్చి శబ్దాన్ని ఇంకో అంచె పెంచితే అది పగిలి గర్జిస్తుందట. ఆ శనివారం కాలేజీలో అమ్మాయి మొదటి కచేరీ. తిరుపతిలో వాల్వని అడిగితే మోటారు పంపుల కొట్టు చూపించారు. చేసేదిలేక తల్లీకూతుళ్లం పెట్టె మోసుకుని పాకాల రైలెక్కాం.

అప్పటికి మామకు డెబ్భై ఎనిమిది. పదేళ్లుగా టంకం కడ్డీ ముట్టలేదు. "నా సేతికి ఇంకా పనుండాదా అమ్మణ్ణీ?" అన్నాడు, ముఖం వెలిగిపోతూ. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు తగిలించి, రేకుకు రంధ్రం తొలిచి, తన దగ్గర మిగిలిన ఒక కొత్త వాల్వును కూర్చోబెట్టి, తీగలను జడలా అల్లి అతికించాడు. కరెంటున్నప్పుడు కుడిచేత్తోనే తడిమి చూస్తాడు, ఎడమచెయ్యి నడుం వెనక్కి పోతుంది. రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందని ఆయన భయం.

సాయంత్రానికి పెట్టె పలికింది. ఎంత తియ్యగా పలికిందంటే వీణేమో అనుకున్నాను. గరగర మచ్చుకైనా లేదు. పెరిగిన శబ్దం ఎక్కడ పగులుతుందోనని, దాన్ని అణిచే ఒక చిన్న రెసిస్టరును మామ అలవాటు కొద్దీ బిగించేశాడు.

"బాగుండాది తాతా," అంది అమ్మాయి.

"బాగుంటే ఏడుపు మొగం యాల పెట్టినావు?"

అది ఫోనులో తనకు కావలసిన శబ్దం వినిపించింది. మామ చెవులు మూసుకున్నాడు.

"ఇది సెడిపోయిన సెట్టు గదమ్మా! దీన్ని బాగుసేసేదానికే గదా నా బతుకంతా పొయ్యింది!"

"నాకిదే కావాల తాతా. ఇట్లా మోగకుంటే నేను స్టేజీ ఎక్కను."

ఆయన్ని ఈ పని అడగడమే అవమానమేమో అనిపించింది నాకు. మామ ప్లగ్గు తీసి, లోపల నిలిచిన కరెంటును దింపి, తాను పెట్టిన ఆ రెసిస్టరును పీకేశాడు. మళ్లీ ప్లగ్గు పెట్టి, "ఊ, వాయించు పాపా," అన్నాడు.

గోడ మీది క్యాలెండరు ఊగింది. పక్కింటాయన ప్రహరీ మీదుగా తల పెట్టి, "ఏందప్పా, సెట్టు సెడిపొయ్యిందా?" అని అడిగాడు.

"సెడగొట్టినాను!" మామ అరిచాడు. "నా సేత్తో నేనే సెడగొట్టినాను. ఎంత బాగా సెడిందో వచ్చి ఇనిపో!"

అమ్మాయి ఆయన్ని వాటేసుకుంది. నాకైతే ఆనందంతో ఏడుపొచ్చింది. శనివారం మామ చెవుల్లో దూది పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు, చప్పట్లు మాత్రం అందరికన్నా ముందు కొట్టాడు. బతుకంతా నేర్చుకున్నదాన్ని ఒక పిల్ల కోసం ఒక్క సాయంత్రం పక్కన పెట్టడానికి ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్లు పట్టింది. ఆ లెక్కన నాకింకా కాలముందని ధైర్యంగా ఉంటుంది.