రేకుల కింద చచ్చిపోయిన రైజోబియం

నల్లమాడ దగ్గర ఎర్రనేలలో వేరుశనగ పండించే తిమ్మక్కకు కోపం ఎక్కువని ఊరందరికీ తెలుసు. కరెంటు లైన్‌మన్ నుంచి కూరగాయల ఆటోవాడి దాకా ఆమె నోటికి జంకుతారు. భర్త పాపన్న మాత్రం, "మా ఆడమనిషి ఊరికే అరవదప్పా" అంటాడు.

ఆ ఏడాది విత్తే ముందు ఆమె శ్రీకాంత్ ఎరువుల అంగట్లో రైజోబియం పొట్లాలు కొన్నది. నల్లటి పొడి. అందులో కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉంటుందనీ, అది వేళ్లకు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందనీ శ్రీకాంత్ చెప్పాడు. తిమ్మక్క పొడిని బెల్లం నీళ్లలో కలిపి, విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తింది. పొడి చాలక చేను చివర కొన్ని సాళ్లకు ఉత్త విత్తనమే వేసింది.

పైరు పసుపు తిరిగింది. పొడి పట్టించిన సాలులో ఒక మొక్క, ఉత్త సాలులో ఒక మొక్క పెరికి పక్కపక్కన పెట్టి చూసింది. రెండింటికీ బుడిపెలు అంతంతమాత్రమే. గోటితో గిల్లితే, పనిచేసే బుడిపెలో కనిపించాల్సిన ఎరుపన్నదే లోపల లేదు. ఆ మొక్కలు చేత పట్టుకునే అంగడికి పోయింది.

"ఏమప్పా శ్రీకాంతా, నీ పొడి వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే. ఏమమ్మినావు నాకు?"

"వాన సరిగ్గా లేదు గదక్కా. అయినా అవి కంటికి కనపడేటివి కాదు. ఉండాయో లేదో నీకెట్ల తెలుస్తాది?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండింది. కనపడవు కాబట్టి ఏదైనా అంటగట్టొచ్చన్నమాట! దుడ్లు బల్ల మీద కొట్టి, అదే సరుకులో ఇంకో పొట్లం తీసుకుని కదిరి బస్సెక్కింది.

కదిరిలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే ఇర్ఫానాది తిమ్మక్క పక్కూరే. ఆమె కాలేజీ తోటలో బాగా పెరిగిన వేరుశనగ మొక్క ఒకటి పెరికి తెచ్చి, దాని బుడిపెను చిదిమి, గాజుపలక మీద పలుచగా పూసి, ఆరబెట్టి, మంట మీద చూపించి, రంగు వేసి కడిగింది. పైన ఒక నూనెచుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఏందో నల్లగా ఊగుతాండాది," అంది తిమ్మక్క.

"అవి నీ కనురెప్ప వెంట్రుకలక్కా. కొంచెం తల పైకెత్తి చూడు."

అప్పుడు కనిపించాయి, పొట్టి పొట్టి పుల్లల్లా, గుంపులు గుంపులుగా. తిమ్మక్క చాలాసేపు కన్ను తీయలేదు.

"నా పొట్లంలోవి చూపించు."

"ఈ రంగులో చచ్చినవీ బతికినవీ ఒకే మాదిరి కనపడతాయి. పెంచి చూడల్ల. కొన్నాళ్లాగి రాక్కా."

మళ్లీ పోయేసరికి ఇర్ఫానా రెండు గాజు పళ్లేలు చూపించింది. బుడిపె రసం వేసినదాంట్లో తెల్లటి జిగురు చుక్కలు. పొట్లం పొడి వేసినదాంట్లో నల్లటి బూజు. దాన్ని కొంచెం తీసి మైక్రోస్కోపులో చూస్తే దారాలు, దారాల కొసన గుండ్రటి తలలు.

"ఆ తెల్ల చుక్కలు బతికుండే రైజోబియం. ఈ నల్లది శిలీంధ్రమక్కా, బ్యాక్టీరియా కాదు. రొట్టె మీద పట్టేదీ ఇట్లాంటిదే."

"మరి నా రైజోబియం?"

"ఒక్కటీ మొలవలేదు. వేడికి చచ్చిపోయినట్టుండాది. చల్లగా పెట్టల్ల వాటిని."

తిమ్మక్క బస్సు దిగి నేరుగా అంగడి వెనక్కు నడిచింది. రేకుల షెడ్డులో పెట్టెలు కప్పుకు తగిలేదాకా పేర్చి ఉన్నాయి. లోపల పొయ్యిలా కాలిపోతోంది.

"ప్రాణమున్నవాటిని అమ్ముతాండావు గదప్పా! గొర్రెల్నైతే ఇట్ల రేకుల కింద కట్టేస్తావా?"

జనం పోగయ్యారు.

"మెల్లగా మాట్లాడక్కా," అన్నాడు శ్రీకాంత్.

"మెల్లగా చెప్తే నవ్వినావు గదా! ఇప్పుడు నవ్వు!"

తిమ్మక్క ఫిర్యాదు మీద వ్యవసాయ అధికారులు వచ్చి పొట్లాలు పట్టుకుపోయారు. అంగడి కొన్నాళ్లు మూతపడి మళ్లీ తెరుచుకుంది. శ్రీకాంత్ తప్పయిందని ఒక్క మాట అనలేదు. తిమ్మక్క చేను చాలావరకు పశువుల మేతకే పోయింది. ఆ కోపం ఆమెకు తగ్గలేదు, తగ్గించుకోవాలనీ చూడలేదు.

మరుసటి ఏడు రైజోబియాన్ని చల్లటి గదిలో నిల్వ పెట్టే చోటును వెతుక్కుంటూ పోయి కొన్నది. తిరుగు బస్సులో కండక్టర్ ఆమె సంచి తీసి ఇంజను మీద పెట్టాడు.

"తియ్యప్పా ఆడ్నించి!" బస్సంతా ఉలిక్కిపడింది. "దాంట్లో ప్రాణాలుండాయి!"

సంచిని ఒడిలో పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పి, నల్లమాడ దాకా అతనివైపు చూడనైనా చూడలేదు.