పిలిస్తే పలకని మచ్చ

మా ఆయిల్‌పామ్ తోటలో మిట్టమధ్యాహ్నం కూడా మసకగానే ఉంటుంది. ములకలపల్లి దాటాక మా తోట, తోట దాటితే అడవి. మూడేళ్ల కిందట ఒకనాడు గెలలు పండాయేమో చూద్దామని వెళితే, వెనక నుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు. "ఆఁ" అన్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆ క్షణంలోనే ముఖమూ మెడా భగ్గుమని ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

"మొదటి పిలుపుకే పలికినవా? అడవి పక్కన పుట్టి గీ మాత్రం తెల్వదా? మూడుసార్లు పిలిస్తేనే మనిషి."

నేను ఇలాంటివి నమ్మను. నమ్మేవాళ్లను చూస్తే చిరాకు కూడా. అయినా ఆ గొంతు ఎవరిదో ఈనాటికీ తెలియలేదు.

ఆ మంట తరచూ రావడం మొదలైంది. విరేచనాలు తోడయ్యాయి. ఖమ్మంలో చూపిస్తే ఒకరు వయసు మార్పన్నారు, ఒకరు గ్యాస్ అన్నారు. ఇంకొకరైతే "మీకు కోపం ఎక్కువమ్మా" అన్నారు. అది నిజమే గానీ, రోగం అది కాదు. రెండేళ్లు తిరిగాక పేగులో ఒక గడ్డ, కాలేయంలో మరికొన్ని బయటపడ్డాయి. న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్లు అన్నారు. ఒంట్లో కొద్దిగా ఉండాల్సిన రసాయనాలను ఇవి అదుపు లేకుండా రక్తంలోకి వదులుతాయట. ఆ మంట అందుకే.

హైదరాబాద్ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. రెండు పెట్ స్కాన్లు తీయాలి. రెండింటికీ రేడియోధార్మిక మందు కొద్దిగా నరంలోకి ఎక్కిస్తారు. మొదటిది గాలియం మందు, ఈ రకం గడ్డలను వెతుక్కుంటూ పోయి అతుక్కుంటుంది. రెండోది చక్కెర లాంటిది, ఆకలి ఎక్కువున్న చోటికి పోతుంది.

"రెండిట్ల ఏది మంచిది మేడం?" అని అడిగాను.

"గడ్డలు మొదటిదాంట్లో వెలగాలి, రెండోదాంట్లో వెలగకూడదు. గాలియం అతుక్కుంటే, అదే దారిలో గడ్డను కాల్చే మందు పంపొచ్చు. చక్కెరను లాక్కునే గడ్డ మొండిది, తొందరగా పెరుగుతుంది."

"అంటే ఒకటి పేరు పెట్టి పిలుస్తది, ఒకటి అన్నం పెడ్తది" అంది అమ్మ.

డాక్టరమ్మ నవ్వి, అంతేనమ్మా అంది. నాకు నవ్వు రాలేదు.

గాలియం ఎక్కించాక నన్ను బరువైన తలుపున్న గదిలో గంటసేపు ఒంటరిగా కూర్చోబెట్టారు. కిటికీ లేదు. ఉన్నట్టుండి గోడలోంచి నా పేరు వినిపించింది. అది మైకేనని తెలుసు. అయినా నోరు పెగల్లేదు. రెండోసారీ పలకలేదు. మూడోసారికి లేచాను, నమ్మని మనిషిని!

తెర మీద నన్ను నేను చూసుకున్నాను. ముఖం లేదు, జుట్టు లేదు. మూత్రపిండాలూ ప్లీహమూ అందరికీ వెలుగుతాయట. నాకు అవి కాక పేగు దగ్గర ఒక చుక్క, కాలేయంలో ఐదు. ఒంటి నిండా వాటిని పెట్టుకుని ఇన్నాళ్లూ వంట చేశాను, తోటకు నీళ్లు పెట్టాను. డాక్టరమ్మ మాత్రం సంతోషపడింది. ఆరూ పలికాయి.

వారం తర్వాత రెండో స్కాన్. పరగడుపున రమ్మన్నారు. పొద్దున్నే లాడ్జి గదిలో అమ్మ, భద్రాచలంలో రాములవారి ముందు పెట్టించి తెచ్చిన బెల్లం కరిగించి, మిరియాలు, యాలకులు వేసి గ్లాసుడు పానకం ఇచ్చింది. కళ్లకద్దుకుని తాగాను. మా ఇంట్లో ఏకాదశి ఉపవాసానికి కూడా ప్రసాదం అడ్డు కాదు. అది తిండి కిందికి వస్తుందని ఇద్దరికీ తోచనే లేదు.

వేలు గుచ్చి షుగర్ చూశారు, హద్దులోనే ఉంది. మందు ఎక్కించారు. బొమ్మ వచ్చాక టెక్నీషియన్ తెరను నా వైపు తిప్పాడు. తొడలూ భుజాలూ చేతులూ అన్నీ వెలుగుతున్నాయి. నా చర్మం కింద ఇంకెవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టుంది.

"పొద్దున ఏమన్నా తిన్నరా, తాగిండ్రా?"

"లేదు" అన్నాను, గట్టిగానే.

"ఏం తినలే బిడ్డా, ప్రసాదం ఒక్కటే తాగింది" అంది అమ్మ.

బెల్లంతో పాటు మందునూ కండలే లాగేసుకున్నాయనీ, గడ్డల సంగతి ఈ బొమ్మలో తేలదనీ ఆయన చెప్పాడు. వరండాలో అందరి ముందూ అమ్మ మీద అరిచాను. ఆమె కొంగు మడతలు సరిచేసుకుంది. ఆ అరుపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీశారు. ఈసారి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. ఆరు చుక్కలూ చీకటి. అమ్మయ్య అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం గాలియం బొమ్మను దీని పక్కనే ఉంచి, కొత్తదాంట్లో కాలేయం అంచున వేలు పెట్టింది. అక్కడ ఏడోది వెలుగుతోంది. గాలియం బొమ్మలో ఆ చోటు ఖాళీ. పిలిచినప్పుడు అక్కడ ఎవరూ లేరు. అన్నం పెట్టినప్పుడు ఉన్నారు.

భయమేసింది. ఆ ఒక్కదాని వల్ల, అనుకున్న వైద్యమే మారింది. ముందు కీమో మాత్రలు వేసుకోవాలి, గడ్డలను కాల్చే మందు సంగతి తర్వాత.

బస్సు కొత్తగూడెం దాటాక అమ్మ నోరు విప్పింది.

"గా రోజు నేను తాపిందంతా గా ఏడోదే తాగిందా?"

"గట్ల కాదే అమ్మా, అది ఎప్పటినుంచో ఉన్నది" అన్నాను. డాక్టరమ్మ చేత ఫోన్లో చెప్పించాను కూడా. అమ్మ నమ్మలేదు.

ఈ ఏడు నవమికి అమ్మ పానకం చేసింది. ఇంట్లో అందరికీ ఇచ్చింది, నన్ను దాటి పోయింది. నేనే వంటింట్లోకి వెళ్లి గ్లాసు నింపుకున్నాను. కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టి, "ఇది నాకు, నీకు కాదు" అని చెప్పి తాగాను.

వెనక నుంచి అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. నేను కదల్లేదు. మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టాను. మూడోసారి పిలిచేటప్పటికి ఆమె గొంతు వణికింది.

"ఉన్ననే అమ్మా" అన్నాను.