ఖర్జూరం డబ్బాలో పాత సామాను

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క గొప్ప గుణం, బండికి ఏ సామాను మార్పించినా పాతది అడిగి తెచ్చుకోవడం. జగిత్యాల మెకానిక్‌ల దగ్గర అబ్బిన అలవాటు; పాత ప్లగ్గు చేతిలో పెడితేనే కొత్తది వేసినట్టు. సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఓ పాడి ఫారం యజమాని దగ్గర డ్రైవర్‌గా కుదిరాక నన్ను నిలబెట్టిందీ అదే. నాకు ముందున్నవాడు మార్చని బ్రేకులు మార్చానన్నందుకే కఫీల్, అంటే ఆ యజమానే, వాణ్ని ఇంటికి పంపేశాడట. అందుకని నేను బండిది ప్రతి పాత బోల్టూ ఆయనకు చూపించి, మంచం కింద ఖర్జూరం డబ్బాలో దాచేవాణ్ని. (ఆ డబ్బా నిండి మంచం ఒకవైపు పైకి లేచిందంటే మీరు నమ్మరు. నమ్మకండి.)

కఫీల్‌కు వాళ్ల నాన్న నాటి వేట తుపాకీ ఉండేది, లైసెన్సుతో. దాని మ్యాగజైన్, అంటే తూటాలు నింపే చిన్న పెట్టె, ముసలిదై మొరాయించేది. రియాద్‌లో అనుమతి ఉన్న దుకాణానికి ఆయనే పట్టుకొచ్చేవాడు, నేను బండి నడిపేవాణ్ని. ఒకసారి లోపలి స్ప్రింగు మార్చారు, ఇంకోసారి తూటాలను పైకి నెట్టే రేకు, ఆ తర్వాత సొట్టపోయిన పైతొడుగు. ఆయన ముందుగదిలో గహ్వా, అదే అరబ్బుల కాఫీ, తాగుతుంటే, నేను లోపల రిపేరు చేసే హైదరాబాద్ భాయ్‌ని బతిమాలి పాతవి జేబులో వేసుకునేవాణ్ని. ఉత్త అలవాటు కొద్దీ.

చివరికి మార్చాల్సింది మ్యాగజైన్ అడుగురేకు ఒక్కటే మిగిలింది. నా ఛుట్టీ కాగితం, అంటే సెలవు చీటీ, మీద కఫీల్ సంతకం పెట్టాల్సిన వారం అది. ఇంటి మొహం చూసి ఏళ్లయింది. "భాయ్, పాతది ఇయ్యరాదా" అని చెయ్యి చాపాను. భాయ్ ఇవ్వబోయి ఆగాడు.

"తమ్మీ, ముందుగాల ఇచ్చినయి ఏం జేసినవ్?"

"రూంల డబ్బాల ఉన్నయి."

"యా అల్లా! లైసెన్సుల ఒక్క మ్యాగజైనే రాసున్నది. అరిగింది మార్చుకో, పర్వా లేదు. రెండోది తయారు చెయ్యొద్దు. ఇది గూడ ఇస్తే నీ డబ్బాల పూరా ఒకటైతది! ఈ రేకు నా చేతిల ఉన్నంతసేపు నువ్వు డ్రైవర్‌వి. నీ చేతిలకొచ్చిందా, బందూకు సామాను దాచినోనివి."

నాకు భయం కన్నా ముందు అనుమానం పుట్టింది. "ఆగు భాయ్. అన్నీ మారినంక, ఆయన చేతిలున్నది కొత్తదే గదా? అసలుది నా మంచం కింద ఉన్నట్టా?"

మా గొడవకు కఫీల్ లోపలికొచ్చాడు. నా అరబ్బీలో (సగం చేతులతో) అంతా చెప్పాను. ఆయన నేరుగా బండి వైపు నడిచాడు. నా ఛుట్టీ కిటికీలోంచి ఎగిరిపోవడం కళ్లారా చూశాను.

వెంటనే అల్ ఖర్జ్ వెళ్లి డబ్బా తెచ్చాం. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆయన ఆ పైతొడుగు మీది సొట్టను వేలితో తడిమాడు. "చిన్నప్పుడు నేనే కింద పడేశాను. నాన్న చెవి మెలిపెట్టాడు." దుకాణంలో భాయ్‌ని అడిగాడు: "కాగితం మీదున్నది ఏది?"

"మీ చేతిలోదే, షేక్."

భాయ్ పాత ముక్కలన్నీ నలగ్గొట్టాడు. సొట్ట తొడుగును మాత్రం కఫీలే అందించాడు, కాస్త ఆలస్యంగా. బయటికొచ్చాక బండి బానెట్ మీదే నా కాగితానికి సంతకం పెట్టి, "వెళ్లిరా. డబ్బా మాత్రం నా దగ్గరే" అన్నాడు.

ఇప్పుడు నా కంట్లో లెన్సు మారింది, మోకాల్లో రేకు పడింది. మొన్న పళ్ల డాక్టరు కొత్త పన్ను పెడుతుంటే, "పాతది ఇచ్చెయ్యండి సార్" అని చెయ్యి చాపి, నాలో నేనే నవ్వుకున్నాను. ఇకామా (సౌదీలో ఉండేందుకిచ్చే కార్డు) మీద ఇంకా ఆనాటి కుర్రాడి ఫోటోయే ఉంది. వాడి సామానంతా ఎవరి మంచం కింద ఉందో మరి.