మూసిన పాకలో మిషను

నేను చేసిన పనికి ఒక ముసలామె ఊరు విడిచిపోయింది. ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఏళ్ళు గడిపాను. అన్నం తిన్నాను. పెద్దమనిషినై తగువులు తీర్చాను. నిద్ర కూడా పోయాను. పట్టలేదని అబద్ధం రాయను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే సర్దుకోండి. అక్షరాల తప్పులు మాత్రమే.

మాది అనంతగిరి దాటాక కొండ మీద ఊరు. కాఫీ తోటలు. ఆ ఏడు పళ్ళు కోసే రోజుల్లో గాలివానకు కరెంటు స్తంభాలు పడిపోయాయి. కోసిన పళ్ళకు ఆ రోజే తొక్క తీయాలి, లేకపోతే పులిసిపోతాయి. తొక్క తీసే మోటారు కోసం కింద నుంచి డీజిల్ జనరేటరు అద్దెకు తెచ్చాను. ఇచ్చినవాడు మరీమరీ చెప్పాడు. ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టాలి. పొగగొట్టం తలుపు వైపు ఉండకూడదు. మూసిన గదిలో అసలు నడపకూడదు, మనిషి చచ్చిపోతాడు. అప్పటికి నాకు చదువు రాదు గానీ, చెవులున్నాయి. ఆ సాకు నాకు లేదు.

మధ్యాహ్నం మళ్ళీ వాన పట్టుకుంది. మిషను తడిస్తే షాకు కొడుతుందని కూడా చెప్పాడు. ఆ మాట మాత్రం విన్నాను. తమ్ముడూ నేనూ దాన్ని మోసుకెళ్ళి తొక్క తీసే పాకలో పెట్టాం. జల్లు కొడుతోందని తలుపు మూశాను. కిటికీలో గోనెసంచులు కుక్కాను. బయటే నాలుగు గుంజలు పాతి పైన రేకు వేస్తే సరిపోయేది. రేకులు పెరట్లోనే ఉన్నాయి. ఎందుకు వేయలేదు? తొందరా? బద్ధకమా? రెండూ కాదేమో. మా ఇళ్ళలో పొద్దస్తమానం పొయ్యి లోపలే రగులుతుంది, దాని పైన విత్తనపు మొక్కజొన్న కంకులు వేలాడదీస్తాం, ఆ పొగలోనే పుడతాం, ఆ పొగలోనే ముసలివాళ్ళమవుతాం. మాకు పొగ ఇంటి మనిషి. మిషను పొగా దాని చుట్టమే అనుకున్నాను. అందులో చంపే గాలికి రంగూ వాసనా ఉండవని చాలా తరవాత తెలిసింది.

"అన్నా, తల దిమ్ముగా ఉంది," అన్నాడు తమ్ముడు.

"పెళ్ళాం గుర్తొచ్చిందేటి? బేగి కానీ!" అన్నాను.

నవ్వాడు. నేను మిగిలిన బస్తాలు తేవడానికి తోటలోకి వెళ్ళాను.

తిరిగి వచ్చి తలుపు తీస్తే తొక్కల మీద బోర్లా పడి ఉన్నాడు. కేక వేశాను. జనం వచ్చేసరికి మిషను బయట చూరు కింద ఉంది. తమ్ముడికి ఊపిరి లేదు.

ఒంటి మీద దెబ్బ లేదు, పాము కాటు లేదు. నిలువెత్తు మనిషి ఎలా పోయాడు? చిల్లంగి అన్నారు, చేతబడి అన్నారు. ఆ పొద్దున్నే తమ్ముడి మేక పక్కింటి ముసలామె చిలకమ్మ పిన్ని చిక్కుళ్ళు మేసిందని ఆమె వాణ్ణి మన్నెత్తి పోసి తిట్టింది. అది అందరికీ గుర్తొచ్చింది. పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. పిన్ని ఊళ్ళో ఉండకూడదన్నారు.

ఆమె నా వైపు తిరిగింది. "ఒరే, నువ్వు సెప్పు. తిట్టినాను, నేదన్ను. తిట్టుకే సత్తారేటి మనుషులు? అలగైతే మా ముసలోడు ఎన్నిసార్లు సావాలి?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"ఊరంతా అనుకున్న మాట పిన్నీ," అన్నాను.

"ఊరు సంగతి నానడగనేదు. నీకేటి తెలుసో సెప్పు."

"నాకేటీ తెల్దు."

నా ముఖం చూస్తూ నిలబడింది. తరవాత కోళ్ళ గంప నెత్తిన పెట్టుకుని, పెదబయలు వైపు తన తమ్ముడి ఊరికి నడిచిపోయింది. అక్కడే పోయింది.

మొన్న మా ఊళ్ళో ఒక పెళ్ళికి జనరేటరు తెచ్చి వంటపాకలో పెట్టారు. నేను అరిచి, బయట పెట్టించాను. ఈ ముసలాడికి ఏమైందని అడిగారు. అప్పుడు అందరి ముందూ చెప్పేశాను, చంపింది చిలకమ్మ కాదు, నేను మూసిన పాకలోని పొగ అని. తమ్ముడి భార్య, "పిన్ని పోయినాక సెబుతున్నావేటి బావా?" అంది. అప్పటి నుంచి మా గడప తొక్కలేదు. తొక్కమని నేను అడగను.

కానీ ఆ రోజు కూడా అంతా చెప్పలేదు. మిగిలింది మీకు రాస్తున్నాను.

తలుపు తీయగానే మిషను ఆపాను. అంతవరకూ సరే. తరవాత లాగవలసింది తమ్ముణ్ణి. నేను మిషనును లాగాను. ఇద్దరం మోసుకొచ్చిన దాన్ని ఒక్కణ్ణే ఈడ్చి చూరు కింద పెట్టాను. కిటికీలో సంచులు పీకేశాను. ఆ తరవాతే కేక వేశాను. వాడికి ఊపిరి ఉందో లేదో చూడలేదు. ఉండి ఉంటే? తెలియదు. ఎప్పటికీ తెలియదు. తెలియకుండా చేసుకున్నది నేనే.

ఇది నా చేత్తోనే రాశాను.