తట్టరాళ్ల చుట్టూ కంచె

అడవులదీవి నుంచి రేపల్లెకు చేపల తట్టతో వచ్చే కోటేశ్వరమ్మ బస్సెక్కదు. తోటి ప్రయాణికులు ముక్కులు మూసుకుంటుంటే చూడలేక ఆటో వెనక కూర్చుని వచ్చి, ఊరి మొదట్లో దిగుతుంది. అక్కడి నుంచి వీధులన్నీ నడకే. భర్త పోయాక ఇద్దరు కూతుళ్లను ఆ తట్టతోనే చదివించింది.

నిండు తట్ట ఎత్తుకోవాలన్నా దింపుకోవాలన్నా ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఆ చెయ్యి అందరూ ఇవ్వరు. నీచు అంటుతుందని కొందరు, కులం అంటుతుందని ఇంకొందరు. రెండోది పైకి అనరు, అంతే తేడా. అందుకే ఊరి మొదట్లోని తట్టరాళ్లంటే ఆమెకు ప్రాణం. రెండు నిలువు రాళ్లు, వాటి మీద నొసటి ఎత్తున అడ్డంగా ఓ బండ. మోకాళ్లు కాస్త వంచి తట్టను బండ మీదికి జరిపితే చాలు. బయల్దేరేటప్పుడు బండకు ఆనుకుని నిలబడి తల మీదికి లాక్కోవచ్చు. ఒకరిని బతిమాలే పని లేదు. మోతగాళ్ల కోసం పూర్వం ఎవరు నిలబెట్టించారో గాని, పేరు చెక్కించుకోలేదు.

2007లో ఊరి పెద్దమనుషులు కొందరు పాత కట్టడాలను కాపాడే సంఘం పెట్టుకున్నారు. మంచి పనే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పొక్లెయిన్‌కు అడ్డం నిలబడి ఈ రాళ్లను దక్కించింది సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్చరర్ ఈశ్వరప్రసాద్. ఆ తర్వాత రాళ్ల చరిత్ర రాసిన బోర్డొకటి పెట్టించి, చుట్టూ ఇనుప కంచె వేయించారు. కంచె చేసింది ఎదురుగా వెల్డింగ్ షాపు నడిపే ఖలీల్. అందం కోసం పైన ఈటె మొనలు కూడా పెట్టి, ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం బిగించాడు.

మర్నాడు పొద్దున షామియానా కింద కుర్చీలు వేస్తుండగా కోటేశ్వరమ్మ వచ్చి కంచె ముందు ఆగిపోయింది.

“ఏంటి ఖలీలూ, రాళ్లకి జైలు కట్టావా?”

ఖలీల్ నొచ్చుకున్నాడు. పోస్టర్లు అంటిస్తున్నారని, మేకలు కట్టేస్తున్నారని, సంఘం వాళ్లు చెప్పినట్టే చేశానని చెప్పుకున్నాడు. ఈశ్వరప్రసాద్ వచ్చి, ఇది మన వారసత్వమనీ, రాబోయే తరాల కోసం ఎవరూ ముట్టుకోకుండా చూసుకోవాలనీ ఓపిగ్గా వివరించాడు. ఆమె అంతా విన్నది. తట్ట తల మీదే ఉంది, మెడ నరాలు లాగేస్తున్నాయి.

“ముట్టుకోవద్దంటే మానేస్తానండి బాబుగారూ. మరి మీరే వచ్చి ఓ చెయ్యెయ్యండి.”

ఈశ్వరప్రసాద్ తన తెల్లచొక్కా వంక చూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన వంక చూశారు. ఒక్క క్షణం తటపటాయించి ఒక పక్క పట్టాడు, ఖలీల్ రెండో పక్క. తట్ట నేలకు దిగేసరికి చేపనీళ్లు ఆయన మోచేతి దాకా కారాయి.

“ఇంత బరువా అమ్మా?”

“రేపు కూడా ఈ టైముకే వస్తానండి.”

ముందు ఖలీల్ నవ్వాడు, తర్వాత ఆయనా నవ్వకుండా ఉండలేకపోయాడు. నవ్వు ఆపుకుని, రోడ్డు వైపు కంచె ఎంతసేపట్లో కోసేస్తావని ఖలీల్‌ని అడిగాడు.

అతిథులు వచ్చేసరికి కంచె మూడు వైపులే మిగిలింది. రిబ్బను కట్టడానికి ఆ పక్క ఊచలే లేవు. రిబ్బను కత్తిరించడానికి బదులు ఈశ్వరప్రసాద్, ఖలీల్ కలిసి తట్టనెత్తి బండ మీద పెట్టారు. ఫొటోకు ముందు తట్టను తీయించమని ఎవరో అంటే, ఉండనివ్వమన్నాడు ఈశ్వరప్రసాద్. అలవాటైన వాడకం పోయాక రాయి ఎంత భద్రంగా ఉంటే ఎవరికి కావాలి?

ఉపన్యాసాల దాకా కోటేశ్వరమ్మ ఆగలేదు. ఎండెక్కితే చేప మెత్తబడుతుంది. బండకు ఆనుకుని తట్టను తల మీదికి లాక్కుని, చేపలోయ్ అని కేక వేసుకుంటూ వీధిలోకి నడిచింది.